రాత్రి నిలవుంచిన మందు

మా నాయన పదహారేళ్ళు టపాసుల మందు కలిపి, పది వేళ్ళూ ఇంటికి తెచ్చుకున్నాడు. మా ఊరు ఏళాయిరంపన్నైలో ఇది చిన్న గొప్ప కాదు. మా వీధిలోనే ఇద్దరికి కుడిచెయ్యి మణికట్టు దాకానే ఉండేది. సాయంత్రం నాయన గుమ్మం ఎక్కితే అమ్మ ముందు మొహం చూసేది కాదు, చేతులు చూసేది. అవి రెండూ అల్యూమినియం పొడితో వెండి తొడుగు వేసినట్టు మెరుస్తుండేవి. చూసి, లెక్క సరిపోయినట్టు తల ఆడించి, నూనె గిన్నె, సీకాయ పొడి తెచ్చి ముందు పెట్టేది.

మా మాట తెలుగు. వీధి దాటితే తమిళం. నాయనకు నాలుగెకరాల నల్లరేగడి ఉన్నా, మా వైపు వానను నమ్ముకుని బతికినవాడు లేడు. అందుకే చేను ఒక పక్క, టపాసుల ఫ్యాక్టరీ ఒక పక్క. ఫ్యాక్టరీ అంటే పెద్ద కట్టడం అనుకోకండి. ముళ్ళతుమ్మల మధ్య దూరం దూరంగా నాలుగైదు చిన్న గదులు. ఒకటి పేలినా పక్కది నిలవాలని ఆ దూరం. వాటిలో అన్నిటికన్నా దూరంగా ఉండేది మందు గది. అందులో పని నాయనది. అమ్మ తమ్ముడు, అంటే నా మేనమామ, ఆయనకు సాయం.

మందు గదికి బోలెడన్ని కట్టుబాట్లు. చెప్పులు బయటే. నూలు పంచె తప్ప ఇంకో గుడ్డ ఒంటి మీద ఉండకూడదు. మొలతాడుకు తాళంచెవి వేలాడకూడదు. లోపల నలుగురికి మించకూడదు. ఇంట్లో పోట్లాడి వచ్చిన రోజు కలపకూడదు. ఈ చివరిది మా అమ్మ బాగా వాడుకునేదని నా అనుమానం, తెల్లవారుజామున ఆమె ఏం అడిగినా నాయన సరే అనేవాడు. ఎండ ఎక్కకముందే కలపడం అయిపోవాలి. ఆ రోజు కలిపింది ఆ రోజే బాంబుల్లో కూరాలి. మిగిలితే పొద్దు వాలకముందే దూరంగా మైదానంలో పలచగా చల్లి తగలబెట్టాలి. ఎంత ఖరీదైన మందైనా సరే.

"ఇడిగా ఉంటే మూడూ సాదువులే," అనేవాడు నాయన, గంధకం, పొటాసు, వెండి పొడి గురించి. "కలిసినాక దాని బుద్ది దాన్దే. దాన్ని పెట్టుకోని మనిసి నిదరపోగూడదు."

తేమ తగిలితే ఆ మందు తనలో తానే వేడెక్కుతుందని తరవాత నేను పుస్తకంలో చదివాను. ఆయనకు పుస్తకం అక్కరలేకపోయింది.

తొంభై ఎనిమిది మే నెలలో ఎడారిలో అణుబాంబుల పరీక్ష జరిగింది. నేను ప్లస్ వన్, అంటే పదకొండో తరగతి పరీక్షలు రాసి ఇంట్లో ఉన్నాను, టైపు క్లాసుకని కోవిల్‌పట్టి పోయివస్తున్నాను. మర్నాడు కోవిల్‌పట్టి బస్టాండులో ఎవరో పళ్ళెం పట్టుకుని వచ్చేపోయే వాళ్ళందరికీ వేరుశెనగ చిక్కీ పంచుతున్నారు. నా చేతిలోనూ ఒకటి పెట్టారు. బస్సులో కిటికీ పక్కన కూర్చుని దాన్ని కొరుకుతూ, ఆ బాంబు చేసినవాళ్ళలో నేనూ ఒకదాన్నే అన్నంత గర్వపడ్డాను. కొత్త బిచ్చగాడు పొద్దెరగడు. భౌతికశాస్త్రంలో క్లాసులో మొదటి మార్కు నాది, అణువు చీలడం గురించి మా ఊళ్ళో తెలిసిన మనిషిని నేనొక్కదాన్నే అని నా నమ్మకం.

ఇంటికి రాగానే నాయనకు పాఠం మొదలుపెట్టాను. ఆయన అరుగు మీద కూర్చుని మోచేతులకు నూనె రుద్దుకుంటున్నాడు. అంతా విని ఒకే ఒక్కటి అడిగాడు.

"మిగిలింది ఏడ పెట్టినారు?"

"మిగిలింది అంటే?"

"పేల్సింది పేల్సినారు, శరి. మిగిలిన మందు?"

నాకు నవ్వొచ్చింది. "పేల్చేదానికి కాదు నాయనా అణుగుండు. పెట్టుకునేదానికి. మన దగ్గర ఉండాదని తెలిస్తే మన మీదికి ఎవురూ రారు."

"అట్లయితే కలిపి పెట్టుకోని నిదరపోతారా?"

"అది మన పట్టాసు అనుకుంటివా? దాన్ని కాసేదానికి పెద్ద పెద్ద సదువులు సదివినోళ్ళు ఉండారు."

"సదివినోళ్ళు నిదరపోరా?"

అమ్మ లోపలనుంచి పకపకా నవ్వింది. నాకు ఒళ్ళు మండింది. ప్రపంచమంతా తలెత్తి మనవైపు చూస్తుంటే మా నాయన మిగిలిన మందు గురించి అడుగుతాడేమిటి అనిపించింది. ఆ మంట రెండు రోజులు నాలోనే ఉండిపోయింది. ఆ తరవాత జరిగినదానికి అదే కారణం.

రెండో రోజు సాయంత్రం మొదలాళి మా ఇంటికొచ్చాడు. ఫ్యాక్టరీ యజమానిని మా వైపు మొదలాళి అంటారు. ఆయనా తెలుగువాడే, పది మైళ్ళ అవతల పత్తి చేలున్న కుటుంబం. చెడ్డవాడు కాదు. విరుదునగర్‌లో పరీక్షల విజయం మీద పెద్ద ఊరేగింపు పెట్టుకున్నారట, బస్తాలకొద్దీ ఆటం బాంబులు కావాలట. ఆటం బాంబు అంటే మా దగ్గర ఎప్పటినుంచో ఉన్నదే, పచ్చ నార చుట్టిన గుండ్రటి టపాసు. ఆ రోజుల్లో దానికి కొత్త బొమ్మ కూడా వేయించారు: గొడుగులాంటి పొగ, వెనక మూడు రంగుల జెండా.

చిక్కేమిటంటే, తెల్లవారి మందు కలిపితే ఆడవాళ్ళు కూరడం మొదలుపెట్టేసరికి తొమ్మిదవుతుంది. అప్పటికి సగం పూట పోతుంది, సరుకు అందదు. "రేపు పొద్దు వాలే ముందర కలిపి పెట్టు. తెల్లారేసరికి ఆడోళ్ళు కూసుంటారు. ఒగ దినం మాటే," అన్నాడు మొదలాళి.

నాయన తల అడ్డంగా ఊపాడు. "రాత్రి నిలవ పెట్టేది లేదు మొదలాళీ. కోపం పెట్టుకోవొద్దు."

"మన దేశానికి ఎంత పెద్ద దినం ఇది! ఎప్పుడన్నా అడిగినానా నిన్ను?"

"అడగలే. ఇప్పుడూ అడగొద్దు."

మొదలాళి మొహం ముడుచుకుని కుర్చీలోంచి లేవబోయాడు. అంతటితో అయిపోయేది. నేను గడప దగ్గర మంచినీళ్ళ చెంబు పట్టుకుని నిలబడి ఉన్నాను. పెదవి దాటితే పృథివి దాటుతుందంటారు. నా పెదవి దాటింది.

"ఒగ రాత్రికి ఏమవుతాది నాయనా? ఊరంతా సంతోసంగా ఉంటే నీకొగనికే ఎప్పుడు సూసినా బయం."

మందు కలిపేవాణ్ణి ఆయన యజమాని ఎదుట, సొంత కూతురు భయస్థుడనడం. అది ఎంత మాటో అన్నాక తెలిసింది. నాయన నా వైపు చూశాడు. కోపం లేదు ఆ చూపులో. కోప్పడి ఉంటే బాగుండేది. మొదలాళి వైపు తిరిగి, "శరి. పెడతాను," అన్నాడు.

ఆ రాత్రి అమ్మ నాకు అన్నం పెట్టి, పక్కన కూర్చోకుండా లోపలికి వెళ్ళిపోయింది.

మర్నాడు సాయంత్రం ఆయన కలిపి వచ్చాడు. ఆ మరుసటి తెల్లవారి, ఇంకా చీకటి విడవకముందే వెళ్ళిపోయాడు, సద్ది కూడా తాగలేదు. ఎండ వచ్చాక అమ్మ సద్ది గిన్నె నా చేతిలో పెట్టి "పో" అంది. ఒక్క మాట. నేను పోయాను.

ఫ్యాక్టరీ కంచె దగ్గర పదిహేను మంది ఆడవాళ్ళు వేపచెట్టు కింద కూర్చుని ఉన్నారు. నాయన వాళ్ళను లోపలికి రానివ్వలేదట. మామ కూడా బయటే ఉన్నాడు. మందు గది తలుపు మూసి ఉంది. నాయన దాని ముందు, పది గజాల దూరంలో, ఎండలో ఊరికే నిలబడి ఉన్నాడు. ముందురోజు రాత్రి నాలుగు చినుకులు పడ్డాయి. నేల నుంచి ఆ వాసన ఇంకా వస్తోంది. ఆ వాసనంటే నాకు ఎంతో ఇష్టంగా ఉండేది.

మొదలాళి మనిషి వచ్చి తొందరపెట్టాడు. నాయన చెయ్యెత్తి ఆపాడు. తరవాత పంచె బిగించి, మొలతాడు తడుముకుని చూసుకుని, తలుపు తెరిచి లోపలికి వెళ్ళాడు. ఒక్కడే.

చెట్టు కింద ఆడవాళ్ళు ఒకరి దగ్గరికి ఒకరు జరిగారు. ఒకామె కొంగు నోట్లో పెట్టుకుంది. మామ నా చేతిలోని సద్ది గిన్నె తీసి కింద పెట్టాడు. నాకు దేవుడి పేరు ఒక్కటీ గుర్తు రాలేదు. ఆ గదిలో ఏం జరుగుతుందో నాకు బాగా తెలుసు, ఎన్నోసార్లు ఆయనే చెప్పాడు: గుడ్డ తీసి, మందు మీద ముట్టుకోకుండా చెయ్యి తిరగేసి పెట్టి, వెచ్చదనం ఉందా అని చూడాలి. ముక్కు దగ్గరికి వంగి ఘాటు వాసన ఉందా అని చూడాలి. ఉంటే పరుగెత్తే టైము ఉండొచ్చు, ఉండకపోవచ్చు. నేను తలుపునే చూస్తున్నాను. కన్ను ఆర్పితే ఏదో జరుగుతుందన్నట్టు కన్ను ఆర్పలేదు.

ఆయన బయటికొచ్చాడు.

"సల్లగా ఉండాది. రాండి," అన్నాడు.

ఆడవాళ్ళు ఒక్కసారిగా గలగలా మాట్లాడుకుంటూ లేచారు. మామ గట్టిగా నవ్వి, "ఏం బావా, పదైదేండ్లు ఊరికే బయపెడితివి గదా మమ్మల్ని!" అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను, ఏడుపు కలిసిన నవ్వు. నాయన నవ్వలేదు. సద్ది తాగుతూ నాతో మాత్రం అన్నాడు, "ఏదన్నా కొంచెం అయ్యింటే, చెయ్యి కాలింటే, బుద్ది వస్తుండె. ఏమీ కాలే. అదే నాకిప్పుడు బయం."

ఆ మాట అప్పుడు నాకు అర్థం కాలేదు. ముసలి చాదస్తం అనుకున్నాను. ఆయనకు నలభై నాలుగేళ్ళు.

ఊరేగింపు బ్రహ్మాండంగా జరిగింది. ఆ నెల చివర్లోనే పక్క దేశమూ తన బాంబులు పేల్చింది. అక్కడా మిఠాయిలు పంచారని పేపర్లో వేశారు. మా ఫ్యాక్టరీలో, అవసరం వచ్చిన రోజున మందు సాయంత్రమే కలిపి పెట్టడం మొదలైంది. మొదట నెలకొకసారి. తరవాత దీపావళి ముందు వారానికి రెండుసార్లు. నాయన వద్దన్నప్పుడల్లా మొదలాళి దగ్గర జవాబు సిద్ధంగా ఉండేది: నువ్వే పెట్టినావు గదా, ఏమన్నా అయిందా? ఏమీ జరగలేదన్న మాట నిజమే కదా. మరుసటి వేసవికి ఆయన పని మానేసి, నల్లరేగడిలో మినుములు, కొత్తిమీర చల్లుకున్నాడు. మందు గది మామ చేతికి వచ్చింది.

మామ మంచి హుషారు మనిషి. పండగకో పబ్బానికో ఇంటికొస్తే పది వేళ్ళూ నాయన ముందు ఆడించి చూపించేవాడు. "సూడు బావా, ఈ యేడూ ఏమీ కాలే!" అత్త వద్దంటూనే నవ్వేది. నాయన ఆయన్ని ప్రతిసారీ బతిమాలేవాడు, ఒకసారి చేతులు పట్టుకుని బతిమాలడం నేను చూశాను. మామ నవ్వి, "నువ్వు సేసిందే గదా నేనూ సేస్తాండాను" అన్నాడు. ఆ మాటతో నాయన చేతులు వదిలేశాడు.

రెండువేల రెండు. నేను డిగ్రీ ముగించి విరుదునగర్‌లో ఒక ట్యూషన్ సెంటర్లో భౌతికశాస్త్రం చెబుతున్నాను. నెలల తరబడి సరిహద్దుకు రెండు వైపులా సైన్యాలు ఎదురెదురుగా నిలబడి ఉన్నాయి. రెండు చోట్లా అణుబాంబులు. ఏ నగరం మీద పడితే ఎంత దూరం కాలిపోతుందో, రేఖలు గీసిన పటాలు పేపర్లలో వేస్తున్నారు. పాఠం మధ్యలో ఒక అమ్మాయి లేచి, "మిస్, అది మదురై దాకా వస్తుందా?" అని అడిగింది. పిల్లలు నవ్వలేదు. అందరూ నా మొహమే చూస్తున్నారు.

ధైర్యం చెప్పాలి కదా. చెప్పాను. "జపాన్ మీద వేశాక ఇన్నేళ్ళుగా ఎన్నో దేశాల దగ్గర ఇవి ఉన్నాయి. ఒక్కటన్నా వేశారా? ఏమీ కాదు, కూర్చో."

ఆ మాట నా నోట్లోంచి వస్తుండగానే మామ గొంతు వినిపించింది, పది వేళ్ళు ఆడుతూ కనిపించాయి. బోర్డు వైపు తిరిగి ఏదో రాస్తున్నట్టు నిలబడిపోయాను. నాయన భయపడింది మందుకు కాదు, అలవాటుకు. ఏమీ జరగని ప్రతి రోజూ, రేపు కూడా ఏమీ జరగదని చెప్పే సాక్ష్యమైపోతుంది. మందుకు ఆ సాక్ష్యం అక్కరలేదు. దానికి ఒక్క తేమ రాత్రి చాలు. మా మందు గదిలో నలుగురికి మించి ఉండకూడదు, బయట వేపచెట్టు ఉంది, పరుగెత్తడానికి మైదానం ఉంది. ఈ బాంబుల గదికి బయట అంటూ లేదు. నేనూ, ఆ అమ్మాయీ, ఇంకా పుట్టని పిల్లలూ అందరమూ లోపలే ఉన్నాం. మిగిలిన మందును పొద్దు వాలకముందే తగలబెట్టమని చెప్పడానికి ఎవరి నాయన ఉన్నాడు అక్కడ? చదువు చెప్పేదాన్ని, నేనేం చెప్పాను? ఏమీ కాదు, కూర్చో.

పది రోజులైనా కాలేదు. క్లాసులో ఉండగా ట్యూషన్ సెంటర్ ఆఫీసుకు అమ్మ ఫోన్ చేసింది. ముందురోజు మా ఊళ్ళో వాన పడిందట. మామ తెల్లవారి తలుపు తీశాడట. ఆడవాళ్ళు ఇంకా కంచె దాటలేదట, అందుకని వాళ్ళకు ఏమీ కాలేదట. మామ గురించి నేను అడగబోయేసరికి అమ్మ, "అత్త దగ్గరికి రా," అని ఫోను పెట్టేసింది. దాంతోనే నాకు అంతా అర్థమైంది.

పదహారో రోజు కర్మకు బంధువులందరూ చేరారు. వరండాలో ఒకాయన పేపరు చదువుతూ, సరిహద్దులో వేడి తగ్గుతోందట, రెండు వైపులా భయం ఉండబట్టే ఆగారు, బాంబే కాపాడింది అన్నాడు. అవునవును అన్నారు ఇద్దరు ముగ్గురు. అందరికీ కాస్త నెమ్మదిగా ఉంది. నాయన గోడకు ఆనుకుని కూర్చుని, "ఈ తూరి," అన్నాడు. ఆయన మాట ఎవరూ పట్టించుకోలేదు.

అత్త లోపలి గదిలో ఉంది. నేను వెళ్ళి పక్కన కూర్చుంటే నా చెయ్యి ఒళ్ళో పెట్టుకుంది. అప్పటికి ఏడ్చి ఏడ్చి గొంతు పోయింది. మెల్లిగా, ఎవరినీ తప్పు పట్టనట్టు, తనకు అర్థం కాని విషయం అడిగినట్టు అడిగింది.

"మీ నాయన ఆ పొద్దు పెట్టినప్పుడు ఏమీ కాలేదే పాపా. మీ మామ దినామూ అదే సెప్తా ఉండె. బావే పెట్టినాడు, బావకు తెలియంది ఉండాదా అని. నేనేమన్నా అంటే అదే మాట. ఏమిటికి పెట్టినాడు పాపా మీ నాయన?"

గుమ్మంలో నాయన నిలబడి ఉన్నాడు. ఎప్పుడొచ్చాడో నేను చూడలేదు. ఆయనకూ నాకూ అమ్మకూ తప్ప, ఆ రోజు మా అరుగు మీద ఎవరు ఏమన్నారో ఇంట్లో ఎవరికీ తెలియదు. నా నోరు తెరుచుకుంది. నేనే అత్తా, నేనే పెట్టించాను అని చెప్పాలి. ఆ నాలుగు మాటలే. గడప దగ్గర నిలబడి పదిమాటలు అనగలిగిన నోరు, ఆ నాలుగింటికి పెగల్లేదు.

"ఔను సెల్లెలా," అన్నాడు నాయన. "మొదట పెట్టింది నేనే. నాది తప్పు."

నా వైపు చూడకుండా అన్నాడు. అత్త తలవంచుకుని ఏడ్చింది. ఆ తరవాత ఆయన ఉన్నన్నాళ్ళూ ఆమె ఆయనతో మాట్లాడలేదు. ఆయన ఇంటికి వస్తే కొంగు సరిచేసుకుని లోపలికి వెళ్ళిపోయేది. ఆయన ఆ నింద మంచినీళ్ళు తాగినట్టు తాగాడు. నాతో ఒక్కసారి కూడా ఆ సంగతి ఎత్తలేదు. నేను మాత్రం ఆయన్ని తాగనిచ్చాను.

నాయన పోయి చాలా ఏళ్ళయింది. అత్త ఇంకా ఉంది, నేను వెళ్తే చెయ్యి వదలదు. మా ఇళ్ళలో తెలుగు మాట్లాడతారు గానీ ఆ అక్షరాలు ఎవరికీ రావు. నేను పెళ్ళయ్యాక ముప్పై దాటి కూడబలుక్కుని నేర్చుకున్నాను. అందుకే ఇదంతా తెలుగులో రాశాను. తమిళంలో రాస్తే అత్త చదువుతుంది.